ఒక హీబ్రూ మాట, ఒక టింబర్‌మన్ కాలు

నాకు హీబ్రూ వచ్చా అని ఎవరైనా అడిగితే రాదనే చెబుతాను. బైబిలు కళాశాలలో కొన్నేళ్లు ఆ భాషే పాఠం చెప్పి జీతం తీసుకున్నవాణ్ని, అయినా రాదనే చెబుతాను. వచ్చని ఒప్పుకుంటే చాలు, అవతలి మనిషి జేబులోంచి ఫోన్ తీసి ఒక వీడియో పెడతాడు. అందులో ఎవరో ప్రసంగీకుడు చెమటలు కక్కుతూ "ఈ మాటకు హీబ్రూలో అసలు అర్థం ఏంటో తెలుసా" అని గొంతు చించుకుంటుంటాడు. "నిజమేనా అయ్యగారూ" అని అడుగుతారు. కాదంటే నాకు విశ్వాసం లేదంటారు. అవునంటే ఆ రాత్రి నాకు నిద్ర పట్టదు.

సేవలోకి కొత్తగా వస్తున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఇది మీకోసమే రాస్తున్నాను. ఒకే ఒక్క క్రియాపదం వెంటపడి నేను గోదావరిఖనిలో ఎంత విసిగిపోయానో చెబుతాను. రిటైరయ్యాక కూడా ఆ విసుగు తగ్గలేదు. అక్కడక్కడ మాట దురుసుగా వస్తే సర్దుకోండి.

కళాశాలలో హీబ్రూ తరగతికి పిల్లలు రావడం మానేశాక మా మిషన్ వాళ్లు నన్ను బొగ్గు గనుల ప్రాంతానికి సంఘకాపరిగా బదిలీ చేశారు. కంపెనీ క్వార్టర్ల మధ్య రేకుల కప్పు వేసిన గుడి. నేను కృష్ణా తీరం మనిషిని. మొదట్లో ఆదివారం ప్రసంగం మొదలుపెట్టగానే సగం మంది కళ్లు మూసుకుంటుంటే ఎంత భక్తి అని మురిసిపోయాను. వాళ్లు నైట్ షిఫ్టు దిగి నేరుగా గుడికొచ్చినవాళ్లని మా సంఘంలోని నర్సమ్మ చెప్పాక మురిపెం తగ్గింది. ఆమె కంపెనీ దవాఖానాలో పుళ్లకు కట్లు కట్టే విభాగంలో పనిచేసేది. నోరు కొంచెం ఎక్కువ, చేయి చాలా మంచిది.

మా సంఘ పెద్దల్లో ఒకాయన టింబర్‌మన్. భూగర్భంలో బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా ఆధారాలు నిలబెట్టే పని అది. పెద్ద గొంతు, పెద్ద చేతులు, పొద్దున్నే అందరికంటే ముందొచ్చి చాపలు పరిచే మనిషి. ఆయనకు షుగరు. గనిలో నీళ్లలో తడిసిన బూటు ఒరుసుకుని కుడికాలి వేళ్ల దగ్గర పుండు పడింది. డాక్టరు మందులు రాసి, రోజూ కట్టు మార్పించుకోమని చెప్పి, ఆయన్ని సిక్‌లో పెట్టారు. అంటే పుండు మానేదాకా డ్యూటీ లేదు. మానిందని డాక్టరు మళ్లీ చూసి "ఫిట్" అని రాస్తేనే గనిలోకి దిగాలి. ఫిట్ కాగితం లేకుండా గేటు దగ్గరికి పోతే ఎంతటి మొనగాణ్నయినా వెనక్కి పంపిస్తారు. అక్కడ పుట్టిన పిల్లలకు కూడా ఈ సంగతి తెలుసు.

అంతా సవ్యంగా జరుగుతుండగా స్వస్థత సభలు వచ్చాయి. మైదానంలో షామియానా, ఆకాశానికి మొహం పెట్టిన సౌండు పెట్టెలు, రామకృష్ణాపూర్ నుంచీ కాసిపేట నుంచీ ఆటోల్లో జనం. పట్నం నుంచి వచ్చిన ప్రసంగీకుడు తెల్ల కోటు వేసుకుని రెండో రోజు రాత్రి "రాఫా" అనే మాట ఎత్తుకున్నాడు. స్వస్థపరచడం అనే అర్థంలో పాత నిబంధనలో వచ్చే హీబ్రూ క్రియ అది. అంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాత ఆయన చెప్పింది వింటుంటే నా వీపు మీద చీమలు పాకాయి. రాఫా అంటే మనిషి చెయ్యి తగలని స్వస్థత అట. మందుబిళ్ల పట్టుకున్న చేతికి అది దొరకదట. దానికి రుజువుగా, కాళ్లకు జబ్బు చేసి వైద్యుల దగ్గరికి పోయి చచ్చిపోయిన యూదా రాజు కథ చెప్పాడు.

నా గ్రహచారం ఏమిటంటే ఆ కథ నిజంగానే ఉంది. జబ్బు కూడా కాళ్లకే. ఆ రాజు తనను మందలించిన దీర్ఘదర్శిని జైల్లో వేయించి, దేవుణ్ని పూర్తిగా పక్కన పెట్టిన మనిషి. అతని తప్పు అదీ. వైద్యుల దగ్గరికి పోవడం ఒక్కటే తప్పని కథ చెప్పదు. ఇది వివరించాలంటే అరగంట పడుతుంది. "రాజు డాక్టరు దగ్గరికి పోయాడు, చచ్చాడు" అనడానికి ఎంతసేపు?

మా టింబర్‌మన్ ముందు వరసలో కట్టు కట్టిన కాలు చాపుకుని కూర్చున్నాడు. స్వస్థత కావాల్సినవాళ్లు ముందుకు రండని పిలుపు ఇవ్వగానే లేచి వేదిక ఎక్కాడు. కట్టు విప్పి పారేసి "నాకు నొప్పి లేదు, దేవుడు నన్ను ముట్టిండు" అని సాక్ష్యం చెప్పాడు. జనం చప్పట్లు కొట్టారు. మర్నాడు పొద్దుటికి ఆ వీడియో అన్ని వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది.

మూడో రోజుకు ప్రసంగీకుడు కారెక్కి వెళ్లిపోయాడు. పుండు ఇక్కడే ఉండిపోయింది.

వారం తిరక్కుండా టింబర్‌మన్ భార్య మా ఇంటికి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"అయ్యగారు, గోలీలు చెత్తకుండిల పారేసిండు. సూది మందు ఫ్రిజ్జుల నుంచి తీసి నన్నే పారెయ్యమన్నడు. కాలుకు సాక్సు తొడుక్కొని పంటున్నడు. గది వాసనొస్తున్నది. మీరు హీబ్రూ చదివిండ్రంట గద, గా మాటకు గట్ల అర్థం లేదని చెప్పుండ్రి జర."

నర్సమ్మను అడిగాను. ఆమె నా మీదే విరుచుకుపడింది.

"నొప్పి లేదంటె నయమైనట్టు గాదు అయ్యగారు. షుగరోళ్లకు నరం చచ్చిపోతె నొప్పి తెల్వది. ఇంక కొన్ని దినాలు గిట్లనే ఉంటె కాలు తీసేస్తరు, జ్వరం పైకెక్కితె మనిషే దక్కడు. మీరంత మాట్లాడేటోళ్లే గద, ఆయనతోని మాట్లాడుండ్రి."

మాట్లాడాను. వాళ్ల క్వార్టర్ వరండాలో కూర్చుని ఓపిగ్గా మాట్లాడాను. ఆయన సాక్సు వేసుకున్న కాలును కుర్చీ కిందికి లాక్కున్నాడు.

"అన్నా, గనిలోకి దిగేముందు ప్రార్థన చేసుకుంటారా?"

"చేసుకోకుంటె ఎట్ల అయ్యా."

"చేసుకున్నాక మళ్లీ ఆధారాలు ఎందుకు నిలబెడతారు? కప్పును దేవుడే ఆపుతాడు కదా?"

ఇంత చక్కని ప్రశ్న అడిగానని లోలోపల నాకు సంబరంగానే ఉంది. ఆయన కొంచెం కూడా తడుముకోలేదు.

"గది డ్యూటీ అయ్యా. ఇది విశ్వాసం."

దీనికి ఏం జవాబు చెప్పాలో ఏ కళాశాలలోనూ నేర్పరు. మీకు తెలిస్తే నాకు చెప్పండి.

ఇక ఆ ఆదివారం నా విద్యంతా బయటికి తీశాను. రాఫా అనే క్రియ పాత నిబంధనలో ఎక్కడెక్కడ, ఎలా వాడారో వరసగా చెప్పాను. ఒక ప్రవక్త పడిపోయిన బలిపీఠాన్ని రాళ్లు పేర్చి బాగుచేశాడు, అక్కడ ఉన్నది ఇదే క్రియ. పగిలిన కుండ మళ్లీ అతకదని చెప్పిన చోటా ఇదే. చెడిపోయిన ఊటలో ఉప్పు వేసి నీళ్లు మంచివి చేసిన చోటా ఇదే. వైద్యుడు అనే పేరు కూడా ఈ క్రియలోంచే పుట్టింది. ఇద్దరు కొట్టుకుని ఒకడు మంచాన పడితే, కొట్టినవాడు అవతలివాడి పని నష్టానికి పరిహారం కట్టి, పూర్తిగా నయం చేయించాలని ధర్మశాస్త్రంలో ఉంది. నయం చేయించడం అంటే అక్కడ ఏ వేదికా లేదు, వైద్యం చేయించడమే. చివరికి కోపం ఆపుకోలేక ఇంకొకటి కూడా అన్నాను. ప్రజల గాయాన్ని పైపైన నయం చేసి అంతా బాగుంది అనే బోధకులను ఒక ప్రవక్త తిట్టిన చోట కూడా వాడింది ఇదే క్రియ అన్నాను.

చెప్పాక చెమట తుడుచుకున్నాను. నా జీవితంలో అంత పకడ్బందీగా తయారు చేసుకున్న ప్రసంగం ఇంకొకటి లేదు. కిందికి దిగగానే ఒక సంఘ పెద్ద నా చేయి పట్టుకున్నాడు. రిటైరైన గుమాస్తా ఆయన, నెమ్మదస్తుడు.

"మంచిగ చెప్పిండ్రు అయ్యగారు. కని ఒక్క మాట అంట, ఏమనుకోకుండ్రి. మీరు హీబ్రూ చదివిండ్రు. ఆయన హీబ్రూను అనుభవించిండు."

ఆయన, అంటే తెల్ల కోటు. సముద్రం దాటిన మనిషి కాదు, ఆ భాషలో అక్షరాలు ఏ వైపు నుంచి ఏ వైపుకు రాస్తారో చెప్పలేడు. నేను ఇంటికెళ్లి అన్నం తినకుండా పడుకున్నాను. మా ఆవిడ "మీ క్రియ సంగతి తర్వాత, పప్పు చల్లారిపోతోంది" అంది. ఆ రోజు ఆమె మీద కూడా విసుక్కున్నాను.

కానీ ఆకలితో పడుకోవడం వల్ల ఒక లాభం జరిగింది. అప్పటిదాకా తట్టని సంగతి తట్టింది. స్వస్థత వచ్చిందని చెప్పి ఇన్ని రోజులైంది కదా, ఈ పెద్దమనిషి డ్యూటీ ఎందుకు ఎక్కలేదు? నయమైతే మొదట చేయాల్సింది దవాఖానాకు పోయి ఫిట్ రాయించుకోవడం. చాపలు పరచడానికి కూడా సమయం తప్పని మనిషి ఆ పని చేయలేదు.

మర్నాడు ఆయన భార్యను అడిగాను. అప్పుడు అసలు విషయం బయటపడింది.

కంపెనీలో ఒక పద్ధతి ఉంది. పనిచేయలేని జబ్బు చేసిన కార్మికుణ్ని మెడికల్ బోర్డు "అన్‌ఫిట్" చేస్తే, ఆ ఉద్యోగం ఇంట్లో పిల్లలకు ఇస్తారు. వీళ్లకు డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉన్న కూతురు ఉంది. వీడియో చూసిన షిఫ్టు వాళ్లు చాయ్ దుకాణం దగ్గర ఆయన్ని ఆటపట్టించారట. "ఏం కాకా, దేవుడు ఫిట్ జేసిండు, మరి బిడ్డ నౌకరి ఎట్ల" అని ఒకడు. "మల్ల దవాఖానకు పోతడు సూడు, అన్‌ఫిట్ కోసమే పుండు పెంచుతుండు" అని ఇంకొకడు.

"ఇప్పుడు దవాఖానకు పోతె ఏమంటరు అయ్యగారు," అందామె. "దేవుని పేరు మీద అబద్ధం చెప్పిండంటరు. లేకుంటె బిడ్డ నౌకరి కోసం నాటకం ఆడిండంటరు. రెండిట్ల ఏదన్న ఒకటి అంటరు. గందుకే ఇంట్లనే పంటున్నడు. ఆయనకు విశ్వాసం లేదు, ఏం లేదు. సిగ్గు."

నాకు ఒళ్లు మండిపోయింది. రోజుల తరబడి నేను ఒక క్రియాపదంతో కుస్తీ పడుతున్నాను. ఆయన కుస్తీ పడుతున్నది చాయ్ దుకాణంతో. ఈ ముక్క మొదటి రోజే ఎవరైనా చెప్పి ఉంటే నేను ఉప్పూ కుండా బలిపీఠం జోలికి పోయేవాణ్నే కాదు. అందరికీ తెలుసట. నేను అడగలేదు కాబట్టి చెప్పలేదట.

ఇక చదువు పక్కన పెట్టి ఆలోచించాను. ఆయన్ని దవాఖానాకు పంపాలి, కానీ వైద్యం కోసం పోతున్నట్టు ఉండకూడదు. అన్‌ఫిట్ కోసం పోతున్నట్టు అసలే ఉండకూడదు. తల దించుకోకుండా పోగలిగే దారి ఒక్కటే కనిపించింది.

తర్వాతి ఆదివారం ప్రసంగం చాలా చిన్నది. కుష్ఠు నయమైనవాడి విషయంలో ధర్మశాస్త్రం పెట్టిన పద్ధతి చదివి వినిపించాను. నయమైందని రోగి తనంతట తాను ప్రకటించుకోవడానికి లేదు. యాజకుడు పాళెం బయటికి పోయి, కళ్లతో చూసి, మచ్చ పోయిందని తేల్చాలి. అప్పుడే వాడు ఇంటికి రావాలి. అక్కడ కూడా రాఫాయే. "స్వస్థత దేవుడిదే. కానీ చూసి చెప్పే పని ఆయన ఒక మనిషికి అప్పగించాడు. కాబట్టి ఇవాల్టి నుంచి మన గుడిలో ఎవరు స్వస్థత సాక్ష్యం చెప్పినా, చూడవలసినవాళ్లు చూశాకే దాన్ని ఒప్పుకుంటాం" అన్నాను.

నైట్ షిఫ్టు వాళ్లు కూడా కళ్లు తెరిచారు. వెనక వరసలోంచి బొగ్గు ఎత్తే లోడర్ ఒకడు అడిగాడు.

"అంటె ఫిట్ గావాలంటరా అయ్యగారు?"

"అవును. ఫిట్ కావాలి."

"గిది సమజైంది," అన్నాడు వాడు.

నా హీబ్రూ జన్మంతా కలిపి నాకు దక్కిన మెప్పు అంతే. అందరి తలలూ మా టింబర్‌మన్ వైపు తిరిగాయి. ఆయన మొహం ఎర్రబడింది. గోడ పట్టుకుని లేచాడు.

"నాకేమన్న భయమా. రేపు పొద్దుగాల్ల పోత. ఫిట్ తెచ్చి చూపెడ్త."

సోమవారం ఆయన ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని, కాలికి బూటు తొడిగి, తల దువ్వుకుని ఆటో ఎక్కాడు. పక్కన భార్య, ముందు నేను. చాయ్ దుకాణం ముందు ఆటో ఆపించి మరీ "ఫిట్ తెచ్చుకోను పోతున్న" అని చెప్పాడు. అక్కడున్నవాళ్లు తల ఊపారు. ఎవరూ నవ్వలేదు. ఫిట్ కోసం పోయేవాణ్ని చూసి ఆ ఊళ్లో ఎవరూ నవ్వరు. ఆటోలో మాత్రం ఆ వాసనకు డ్రైవరు తల బయటపెట్టి నడిపాడు.

దవాఖానాలో నర్సమ్మ మోకాళ్ల మీద కూర్చుని బూటు లేసులు విప్పింది. సాక్సు రాలేదు, చర్మానికి అతుక్కుపోయింది. నీళ్లు పోసి నానబెట్టి తీసింది. రెండు వేళ్లు నల్లగా మారిపోయాయి. డాక్టరు వచ్చి చూశాడు, కుర్రవాడు.

"ఫిట్ రాయుండ్రి సారు, డ్యూటీ ఎక్కాలె," అన్నాడు మా టింబర్‌మన్. గొంతు మాత్రం ఎప్పటిలా లేదు.

డాక్టరు ఆయన భుజం మీద చేయి వేశాడు. "రాస్త కాకా. ముందుగాల కాలును బతికించుకుందాం. మంచమెక్కు."

ఆయన మంచం ఎక్కి పడుకున్నాడు. అప్పటిదాకా బిగబట్టుకున్న ఆయన భార్య గోడవైపు తిరిగి ఏడ్చింది.

రెండు వేళ్లు తీసేశారు. కాలు దక్కింది. ఆపరేషన్ తర్వాత చూడటానికి వెళ్తే ఆయన కళ్లు తెరిచి చాలాసేపు నన్నే చూశాడు.

"అయ్యా, ఫిట్ రాయరని మీకు ముందే తెలుసు గద."

"తెలుసు."

"తెలిసే తోల్కొచ్చిండ్రు."

"అవునన్నా."

ఆయన కిటికీ వైపు తిరిగాడు. "నాకూ తెలుసు," అన్నాడు. ఆయన చేయి పట్టుకుని ప్రార్థన చేద్దామనుకున్నాను. కానీ ఊరికే పట్టుకుని కూర్చున్నాను.

తర్వాత ఆ కాలితో గనిలోకి దిగే పని కాదని బోర్డు తేల్చింది. కూతురికి కంపెనీలో పని దొరికింది. నాకు ఒళ్లు మండించేదేమిటంటే, ఆ పట్నం ప్రసంగీకుడు దీన్ని కూడా తన లెక్కలో వేసుకున్నాడు. మరుసటి సంవత్సరం అదే మైదానంలో, అదే తెల్ల కోటుతో, "పోయినసారి ఇక్కడే కట్టు విప్పిన అన్నను గుర్తుపట్టారా, ఆ ఇంట్లోకి ఉద్యోగం వచ్చింది, రాఫా అంటే అదీ" అని ఆయన్ని వేదిక మీదికి పిలిచాడు. నేను కుర్చీలో కూర్చోలేకపోయాను.

మా టింబర్‌మన్ కర్ర పొడుచుకుంటూ మెల్లగా వేదిక ఎక్కాడు. మైకు తీసుకున్నాడు.

"పోయినసారి నేను ఈడ నిలవడి నయమైందని చెప్పిన. నాకు ఫిట్ రాలే."

ప్రసంగీకుడు వెనక్కి తిరిగి సైగ చేశాడు. వాద్యాలు మొదలయ్యాయి. మైకు ఆగిపోయింది. ఆ మనిషికి తెలియని సంగతి ఒకటుంది. జీవితమంతా గనిలో పంపుల హోరులో, ఎదుటివాడి మీద కప్పు పడకుండా కేకేసి బతికించిన గొంతు అది. మా టింబర్‌మన్ మైకును పక్కనున్న కుర్చీ మీద పెట్టాడు. మైదానం చివర ఆటోల దగ్గర నిలబడ్డవాళ్లకు కూడా వినిపించింది.

"రెండు వేళ్లు పోయినయి. కాలు దేవుడే ఇచ్చిండు. నర్సమ్మ చేతుల్ల పెట్టి ఇచ్చిండు. షుగరోళ్లు ఎంతమంది ఉన్నరో ఇంటికి పోయి గోలి మింగుండ్రి. మింగినంక అచ్చి సాక్ష్యం చెప్పుండ్రి."

వాద్యాలు ఇంకా మోగుతూనే ఉన్నాయి. ఆడవాళ్ల వరసలో ఒక ముసలామె పక్కనున్న కోడల్ని గట్టిగా అడిగింది.

"నా గోలీలు యాడ పెట్టినవే?"